ఎపాక్సైడ్ హైడ్రొలేజ్‌లను అధ్యయనం చేయడం ఎలా: ఎపాక్సైడ్‌నూ డయోల్‌నూ జంటగా కొలవవలసిన పద్ధతి

ఎపాక్సైడ్ హైడ్రొలేజ్‌ల గురించి చదవడం మొదలుపెట్టిన విద్యార్థికి ముందుగా ఎదురయ్యే వాక్యం దాదాపు ఎప్పుడూ ఒకటే: ఈ ఎంజైమ్‌లు విషపూరితమైన ఎపాక్సైడ్‌లకు నీటిని చేర్చి, వాటిని హాని లేని డయోల్‌లుగా మారుస్తాయి. ఈ వాక్యంలోని రసాయన శాస్త్రంలో తప్పు లేదు. చిక్కంతా ‘విషపూరితమైన’, ‘హాని లేని’ అన్న రెండు విశేషణాల దగ్గరే ఉంది. కొన్ని మార్గాలలో ఎపాక్సైడ్ శరీరానికి అవసరమైన సంకేత పదార్థం. మరికొన్నింటిలో డయోలే అసలైన విషం, లేదా అంతకంటె పెద్ద విషానికి ముడిసరుకు. అందుచేత ఈ ఎంజైమ్‌లతో పనిచేయదలచినవారు మొదటినుంచీ ఒక అలవాటు చేసుకోవాలి. ఎపాక్సైడ్ ఎంత తగ్గిందో చూసి ఊరుకోకుండా, డయోల్ ఎంత ఏర్పడిందో, ఆ డయోల్ తరువాత ఏమవుతుందో కూడా కనిపెట్టాలి. జీవరసాయన శాస్త్రంలో కొంత పునాది ఉండి, ఈ ఎంజైమ్‌లను పరిశోధనా పత్రాలలోనో ప్రయోగశాలలోనో తొలిసారి ఎదుర్కొంటున్నవారిని దృష్టిలో పెట్టుకుని, ఆ పనిని ఏ క్రమంలో చేయవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా చర్యను కాగితం మీద గీయండి

ఎపాక్సైడ్ అంటే రెండు కర్బన పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు కలిసిన మూడు మూలల వలయం. సాధారణంగా 109 డిగ్రీల దాపున ఉండవలసిన బంధ కోణాలు ఇందులో 60 డిగ్రీల దాకా కుంచించుకుపోవడం వల్ల, వలయంలో మోల్‌కు సుమారు 27 కిలోకేలరీల ఒత్తిడి నిలిచి ఉంటుంది. ఎలక్ట్రాన్ జంటను ఇవ్వగల ఏ అణువు దగ్గరికి వచ్చినా వలయం తెరుచుకోవడానికి సిద్ధంగా ఉండడానికి కారణం ఈ ఒత్తిడే. ఆ అణువు నీరైతే పక్కపక్క కర్బనాల మీద రెండు హైడ్రాక్సిల్ సమూహాలున్న డయోల్ వస్తుంది; అది డీఎన్ఏలోని గ్వానీన్ అయితే ఉత్పరివర్తనానికి దారి తీయగల అతుకు ఏర్పడుతుంది.

ఈ చర్యకు ఎంజైమ్ ఏ సహకారకాన్నీ (కోఫాక్టర్‌నూ) అడగదు. ఆల్ఫా-బీటా హైడ్రొలేజ్ మడత కలిగిన ఎపాక్సైడ్ హైడ్రొలేజ్‌లకు లోహ అయాను కూడా అక్కరలేదు. చర్య రెండు అడుగులలో జరుగుతుంది. మొదటి అడుగులో రెండు టైరోసిన్‌లు ఎపాక్సైడ్ ఆక్సిజన్‌ను హైడ్రోజన్ బంధాలతో పట్టుకుని ఉండగా, ఒక ఆస్పార్టేట్ వెనుక వైపునుంచి కర్బనం మీద దాడి చేసి, సబ్‌స్ట్రేట్‌తో ఎస్టర్ బంధాన్ని ఏర్పరుస్తుంది. రెండవ అడుగులో, ఒక ఆమ్ల అవశేషం తోడుగా ఉన్న హిస్టిడిన్ నీటి అణువును చురుకుగా చేస్తే, ఆ నీరు ఎస్టర్‌ను విడగొట్టి డయోల్‌ను బయటికి పంపుతుంది. మానవులలోని ద్రావ్య ఎపాక్సైడ్ హైడ్రొలేజ్‌లో ఈ పాత్రధారులు ఆస్పార్టేట్ 335, టైరోసిన్ 383, టైరోసిన్ 466, ఆస్పార్టేట్ 496, హిస్టిడిన్ 524. ఎలుక ఎంజైమ్‌లో ఈ సంఖ్యలు ఒకటి రెండు తేడాగా ఉంటాయి కనుక, రెండు పత్రాలను పోల్చేటప్పుడు ఏ జాతి ఎంజైమో ముందు చూసుకోవాలి.

ఎస్టర్ మధ్యస్థం నిజంగా ఏర్పడుతుందనడానికి తిరుగులేని సాక్ష్యం 1993లో వచ్చింది. ఎంజైమ్‌ను సబ్‌స్ట్రేట్ కంటె ఎక్కువ మోతాదులో తీసుకుని, ఆక్సిజన్-18 ఉన్న నీటిలో ఒకే ఒక్క ఆవృత్తి (చర్య ఒక్కసారి పూర్తికావడం) జరిగేలా చేసినప్పుడు, డయోల్‌లోకి చేరిన ఆక్సిజన్ నీటినుంచి కాక ఎంజైమ్ ఆస్పార్టేట్ నుంచి వచ్చిందని తేలింది. ఈ ప్రయోగాన్ని విద్యార్థులు ఒకసారి తమ చేత్తో గీసుకుని అర్థం చేసుకోవాలని నా కోరిక. చర్య జరిగే విధానం మీద ఇంత సూటిగా తీర్పు చెప్పే ప్రయోగాలు అరుదు.

రెండు అడుగుల వేగాలు ఒకటి కావన్న సంగతికి ఆచరణలో చాలా విలువ ఉంది. కాలేయంలోని మైక్రోసోమల్ (కణంలోపలి పొరకు అంటుకుని ఉండే) ఎంజైమ్‌లో మొదటి అడుగు వేగంగా, రెండవది నెమ్మదిగా నడుస్తుంది. డయోల్ బయటికి రావడం ఆలస్యమైనా, ఎంజైమ్ సమృద్ధిగా ఉన్నందువల్ల ఎపాక్సైడ్ వెంటనే ఎస్టర్‌గా చిక్కుకుని, డీఎన్ఏకు అందకుండా పోతుంది. కాబట్టి ఆవృత్తి సంఖ్య (ఒక ఎంజైమ్ అణువు నిర్ణీత కాలంలో పూర్తిచేసే చర్యల సంఖ్య) తక్కువగా కనిపించినంత మాత్రాన రక్షణ బలహీనమని నిర్ణయించకూడదు.

తరువాత, మీ ముందున్నది ఏ ఎంజైమో తేల్చుకోండి

క్షీరదాలలో ముఖ్యంగా రెండింటిని వేరుచేసి గుర్తించాలి. ఈపీహెచ్‌ఎక్స్1 జన్యువు నుంచి వచ్చే మైక్రోసోమల్ ఎంజైమ్ 455 అమైనో ఆమ్లాల పొడవుతో, అంతర్జీవద్రవ్యజాలపు పొరకు అంటుకుని ఉంటుంది. బయటినుంచి వచ్చిన రసాయనాలను సైటోక్రోమ్ పీ450లు (ఆక్సిజన్‌ను చేర్చే ఎంజైమ్‌లు) ఎపాక్సైడ్‌లుగా మార్చే చోటనే ఇది కాచుకుని ఉంటుంది. ఈపీహెచ్‌ఎక్స్2 నుంచి వచ్చే ద్రావ్య ఎంజైమ్‌లో ఒక్కొక్క గొలుసుకు 555 అమైనో ఆమ్లాలుంటాయి. రెండు గొలుసులు జంటగా కలిసి కణద్రవ్యంలోనూ పెరాక్సిజోమ్‌లలోనూ పనిచేస్తాయి. దీని ప్రధాన సబ్‌స్ట్రేట్‌లు కొవ్వు ఆమ్లాల ఎపాక్సైడ్‌లు. ఈ ఎంజైమ్ మరో కొసన ఫాస్ఫటేజ్ పనిచేసే వేరొక భాగం కూడా ఉంది. జన్యువును పూర్తిగా తొలగించిన ఎలుకలోనూ, హైడ్రొలేజ్ భాగాన్ని మాత్రమే అడ్డుకునే మందు ఇచ్చిన ఎలుకలోనూ ఫలితాలు వేరుగా వస్తే, ఈ ఫాస్ఫటేజ్ భాగాన్ని తప్పక గుర్తుకు తెచ్చుకోవాలి.

రెండింటినీ విడదీయడానికి ప్రయోగశాలలో సులువైన మార్గాలున్నాయి. కణజాల ద్రావణాన్ని గురుత్వానికి 100,000 రెట్ల బలంతో (100,000 జీ) తిప్పితే మైక్రోసోమల్ ఎంజైమ్ అడుగున, ద్రావ్య ఎంజైమ్ పైతేట ద్రవంలో మిగులుతాయి. సిస్-స్టిల్బీన్ ఆక్సైడ్ మొదటిదానికి, ట్రాన్స్-స్టిల్బీన్ ఆక్సైడ్ రెండవదానికి నమ్మదగిన సబ్‌స్ట్రేట్‌లు. మైక్రోసోమల్ ఎంజైమ్ 9 దాపు పీహెచ్ వద్ద, ద్రావ్య ఎంజైమ్ 7.4 దాపున చురుకుగా ఉంటాయి.

పేరులో పోలిక చూసి మోసపోకూడనివి కూడా ఉన్నాయి. ల్యూకోట్రైన్ ఏ4 హైడ్రొలేజ్ ఎపాక్సైడ్‌ను తెరిచేదే అయినా, అది జింక్ ఉన్న ఎంజైమ్. పక్కపక్క కర్బనాల మీద కాక, 5, 12 స్థానాలలో హైడ్రాక్సిల్ సమూహాలున్న ల్యూకోట్రైన్ బీ4ను తయారుచేస్తుంది. విటమిన్ కె ఎపాక్సైడ్‌ను తిరిగి మార్చే ఎంజైమ్ అసలు హైడ్రొలేజే కాదు, అది క్షయకరణం చేసే రిడక్టేజ్. రోడోకోకస్ ఎరిత్రోపోలిస్ అనే బాక్టీరియాలోని లిమోనీన్ ఎపాక్సైడ్ హైడ్రొలేజ్ చిన్నది, దాని మడత వేరు. అందులో నీరు ఎస్టర్ మధ్యస్థం లేకుండా ఒకే అడుగులో నేరుగా దాడి చేస్తుంది. మొదటి భాగంలో చెప్పిన రెండు అడుగుల విధానాన్ని దీనికి అంటగట్టరాదు.

డయోల్ తరువాతి అడుగును వెతకండి

ఆరోగ్యానికి సంబంధించిన ఏ వాదాన్ని చదివినా, మూడు పెట్టెలు గీసుకోవడం మేలు: ఎపాక్సైడ్‌కు ముందున్న పదార్థం, ఎపాక్సైడ్, డయోల్. ఆ పైన డయోల్ నుంచి బయలుదేరే బాణం ఎక్కడికి పోతుందో రాసుకోవాలి. కొన్ని ఉదాహరణలతో ఈ పద్ధతి విలువ తెలుస్తుంది.

పొగలో, తారులో ఉండే బెంజో[ఎ]పైరీన్‌ను తీసుకోండి. సైటోక్రోమ్ పీ450 దాన్ని 7,8-ఎపాక్సైడ్‌గా మారుస్తుంది. మైక్రోసోమల్ హైడ్రొలేజ్ దాన్ని 7,8-డయోల్‌గా మారుస్తుంది. ఇక్కడితో ఆగితే విషం విరిగినట్టే కనిపిస్తుంది. కానీ పీ450 ఆ డయోల్ మీద మళ్ళీ పనిచేసి 7,8-డయోల్-9,10-ఎపాక్సైడ్‌ను తయారుచేస్తుంది. గ్వానీన్‌కు అతుక్కునే అసలు క్యాన్సర్ కారకం అదే. దాన్ని హైడ్రొలేజ్ దాదాపుగా ముట్టుకోలేదు. ఇదే జాతికి చెందిన డైమిథైల్‌బెంజాంత్రసీన్‌ను మైక్రోసోమల్ ఎంజైమ్ జన్యువు లేని ఎలుకలకు పూసినప్పుడు, అవి క్యాన్సర్‌కు ఎక్కువగా లోనవుతాయని ఎవరైనా ఊహిస్తారు. 1999లో వెలువడిన ఫలితం అందుకు విరుద్ధంగా, ఆ ఎలుకలు క్యాన్సర్‌ను తట్టుకున్నాయని చూపింది. స్టైరీన్ ఆక్సైడ్ వంటి చిన్న ఎపాక్సైడ్‌ల విషయంలో మాత్రం ఇదే ఎంజైమ్ నిజమైన రక్షకి. ఒకే ఎంజైమ్ రెండు పాత్రలు పోషిస్తున్నదంటే, తేడా ఎంజైమ్‌లో కాక డయోల్ తరువాతి బాణంలో ఉందని అర్థం.

కార్బమజెపీన్ ఉదాహరణ వైద్యానికి మరింత దగ్గరిది. మూర్ఛకు వాడే ఈ మందు శరీరంలో 10,11-ఎపాక్సైడ్‌గా మారుతుంది; ఆ ఎపాక్సైడ్‌కు కూడా మందు గుణం ఉంది, మోతాదు మించితే దుష్ప్రభావాలూ ఉన్నాయి. దాన్ని తొలగించేది మైక్రోసోమల్ హైడ్రొలేజ్. వాల్ప్రోయేట్ ఈ ఎంజైమ్‌ను నిరోధిస్తుంది కనుక, రెండు మందులూ కలిపి వాడుతున్న రోగి రక్తంలో కార్బమజెపీన్ మట్టం మామూలుగానే ఉన్నా, ఎపాక్సైడ్ మట్టం పెరిగి తలతిరుగుడు, మగత, చూపు రెండుగా కనిపించడం వంటి లక్షణాలు రావచ్చు. మూలపదార్థాన్ని మాత్రమే కొలిచే పరీక్ష ఇక్కడ సమాధానం చెప్పలేదు. మోతాదు మార్పు చికిత్స చేస్తున్న వైద్యుల నిర్ణయం. ఎపాక్సైడ్‌ను విడిగా కొలిపించాలన్న ఆలోచన మాత్రం ఈ జీవక్రియా మార్గం తెలిసినవారికే వస్తుంది.

ద్రావ్య ఎంజైమ్ వైపు చూస్తే చిత్రం తిరగబడుతుంది. అరాకిడోనిక్ ఆమ్లం నుంచి పీ450లు తయారుచేసే నాలుగు రకాల ఎపాక్సీఐకొసాట్రైయినోయిక్ ఆమ్లాలు రక్తనాళాలను సడలిస్తాయి, వాపును తగ్గిస్తాయి, నొప్పిని అణచుతాయి. హైడ్రొలేజ్ వీటిని డయోల్‌లుగా మార్చినప్పుడు ఆ గుణాలు చాలావరకు పోతాయి. అంటే ఇక్కడ ఎంజైమ్‌ను అడ్డుకోవడమే మందు కావచ్చు. 1970ల తొలినాళ్ళలో కీటకాల జువెనైల్ హార్మోన్ ఎలా విచ్ఛిన్నమవుతుందో వెతుకుతున్న బ్రూస్ హామక్, సర్జీత్ గిల్ క్షీరదాలలో ఈ ద్రావ్య ఎంజైమ్‌ను గుర్తించడం, ఆ తరువాతి దశాబ్దాలలో హామక్ బృందమే యూరియా తరగతి నిరోధకాలను రూపొందించడం ఈ రంగపు చరిత్రలో నాకు ఎంతో ఇష్టమైన భాగం. రక్తపోటు, గ్లూకోజ్ సమస్యల కోసం మనుషులలో పరీక్షించిన ఏఆర్9281 అనే నిరోధకం ఆశించిన ఫలితం ఇవ్వలేదు. నొప్పి కోసం ఈసీ5026 అనే నిరోధకం మానవ పరీక్షలకు చేరింది. ఎలుకలలో ఈ ఎపాక్సైడ్‌లను పెంచినప్పుడు కొత్త రక్తనాళాలు పెరగడం, కణితులు వ్యాపించడం కూడా 2012లో వెల్లడయ్యాయి కనుక, నిరోధకాల మేలును చెప్పే ప్రతి వ్యాసంలోనూ ఈ రెండో పక్షాన్ని వెతకాలి.

లినోలెయిక్ ఆమ్లం నుంచి వచ్చే ఎపాక్సైడ్‌లకు ల్యూకోటాక్సిన్ అనే పేరు చాలాకాలంగా ఉంది. ద్రావ్య హైడ్రొలేజ్ లేకుంటే ఆ విషం పనిచేయదని, కణాలను దెబ్బతీసేది దాని డయోలేనని 1997లో తేలింది. అయితే ఆ డయోల్‌లలో ఒకటైన 12,13-డైహోమ్‌ను శరీరంలో వేడి పుట్టించే గోధుమ రంగు కొవ్వు తన అవసరానికి విడుదల చేస్తుందని, అది కణాలలోకి కొవ్వు ఆమ్లాల ప్రవేశాన్ని పెంచుతుందని 2017లో బయటపడింది. విషమా, సంకేతమా అన్నది మోతాదును బట్టీ, చోటును బట్టీ మారుతుంది.

కొలత దగ్గర జాగ్రత్తలు

ఈ భాగం మీద ఎక్కువ సమయం గడపవలసిందిగా కోరుతున్నాను. ఈ రంగంలో తప్పుడు ఫలితాలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. నేను తొలిసారి ఈ ఎంజైమ్‌తో పనిచేసినప్పుడు ఎంజైమ్ లేని నాళిక పెట్టకుండానే మూడు రోజుల కొలతలు పూర్తిచేసి, ఆ తరువాత అందులో గణనీయమైన భాగం నీరు తనంతట తానే చేసిన పని అని గ్రహించి, అన్నీ మళ్ళీ చేయవలసి వచ్చింది.

పనికి కూర్చునే ముందు ఒక హెచ్చరిక. ఎపాక్సైడ్‌లు ప్రోటీన్‌లనూ డీఎన్ఏనూ నేరుగా అంటుకునే పదార్థాలు. స్టైరీన్ ఆక్సైడ్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ మానవులలో బహుశా క్యాన్సర్ కలిగించగల 2ఏ వర్గంలో చేర్చింది. పొగపెట్టె లోపలే పనిచేయాలి. పలుచని చేతితొడుగుల గుండా ఇవి లోపలికి చొరబడగలవు కనుక, మీద పడిన వెంటనే తొడుగు మార్చాలి.

ద్రావ్య ఎంజైమ్‌కు 100 మిల్లీమోలార్ సోడియం ఫాస్ఫేట్, పీహెచ్ 7.4, మిల్లీలీటరుకు 0.1 మిల్లీగ్రాము ఆల్బుమిన్, 30 డిగ్రీల సెల్సియస్ అన్నవి మంచి ఆరంభ స్థితులు. ట్రిస్ బఫర్‌లోని అమైన్ ఎపాక్సైడ్ మీద దాడి చేయగలదు, అందువల్ల దాన్ని వాడకపోవడమే మంచిది. చాలా ఎపాక్సైడ్‌లు నీటిలో సరిగా కరగవు. డీఎంఎస్‌ఓ వంటి ద్రావణిని సుమారు 1 శాతానికి మించకుండా వాడాలి, అంతే మోతాదు అన్ని నాళికలలోనూ ఉండాలి. ప్రతి ప్రయోగంలో కనీసం నాలుగు నాళికలు పెట్టాలి: పూర్తి చర్య, ఎంజైమ్ లేనిది, మరిగించిన ఎంజైమ్ ఉన్నది, నిరోధకం కలిపినది. పూర్తి చర్య నుంచి ఎంజైమ్ లేని నాళిక విలువను తీసివేసిన తరువాతనే వేగం లెక్కించాలి. ఆ వేగం ఎంజైమ్ మోతాదుతో సమానంగా పెరుగుతున్నదా, కాలంతో సరళరేఖలో ఉందా అని చూసుకుని, సబ్‌స్ట్రేట్‌లో పదో వంతు ఖర్చయ్యేలోపే కొలతలు ముగించడం మంచిది.

శుద్ధి చేయని కణద్రవ్యంతో పనిచేస్తున్నప్పుడు, గ్లూటాథయోన్ అనే చిన్న అణువును ఎపాక్సైడ్‌కు అతికించే గ్లూటాథయోన్ ట్రాన్స్‌ఫరేజ్ కూడా అదే ఎపాక్సైడ్‌ను తినేస్తుంది. ముందే డయాలసిస్ చేసి గ్లూటాథయోన్‌ను తొలగిస్తే ఆ పోటీ తప్పుతుంది. ఎపాక్సైడ్ తరుగుదలను మాత్రమే కొలిచేవారు ఈ పోటీని గుర్తించలేరు; డయోల్ పెరుగుదలను కూడా కొలిచేవారికి రెండు సంఖ్యలు సరిపోలకపోవడం వెంటనే కనిపిస్తుంది. మొదటినుంచీ జంట కొలత మీద పట్టుబట్టడానికి నాకున్న బలమైన కారణం ఇదే.

ఒకేసారి వందల నమూనాలు చూడాలంటే రంగు లేదా కాంతి ఆధారిత పరీక్షలు ఉపయోగపడతాయి. నైట్రోబెంజైల్‌పిరిడీన్ మిగిలిన ఎపాక్సైడ్‌తో నీలి రంగు ఇస్తుంది. పెరయోడేట్ డయోల్‌ను విడగొట్టగా మిగిలినదాన్ని ఎడ్రినలిన్‌తో అంచనా వేస్తే ఏర్పడిన డయోల్ తెలుస్తుంది. ఇవి ఏరివేతకు చాలు. ప్రచురించే సంఖ్యలకు క్రోమటోగ్రఫీ తప్పదు.

రక్తంలోనో కణజాలంలోనో కొవ్వు ఆమ్లాల ఎపాక్సైడ్‌లను కొలవడం ఇంకా సున్నితమైన పని. నమూనా తీసిన క్షణంలోనే హైడ్రొలేజ్ నిరోధకాన్ని, ఆక్సీకరణను అడ్డుకునే పదార్థాన్ని కలిపి, మైనస్ 80 డిగ్రీల వద్ద నిల్వ చేయాలి. వెలికితీతకు బలమైన ఆమ్లం వాడితే ఎపాక్సైడ్ ప్రయోగశాలలోనే డయోల్ అయిపోతుంది, ఆ డయోల్‌ను ఎంజైమ్ చేసిన పనిగా పొరబడతాము. డ్యూటీరియం ఉన్న ప్రమాణ ఎపాక్సైడ్‌ను ముందే కలిపి, చివర దాని డయోల్ కనిపిస్తున్నదేమో చూస్తే ఈ పొరపాటు బయటపడుతుంది. అరాకిడోనిక్ ఆమ్లపు నాలుగు ఎపాక్సైడ్‌లలో 5,6-ఎపాక్సైడ్ తనలో తానే వలయాకార ఎస్టరైన లాక్టోన్‌గా చుట్టుకుంటుంది కనుక దాని సంఖ్యను మిగతా మూడింటితో సమానంగా నమ్మకూడదు. ఈ ఎపాక్సైడ్‌లలో అధిక భాగం పొరల ఫాస్ఫోలిపిడ్‌లలో అతికి ఉంటుంది. స్వేచ్ఛగా ఉన్నవాటిని కొలిచారా, మొత్తాన్నా అన్నది ప్రతి పట్టికకూ తలమీద రాసి ఉండాలి.

ఉత్ప్రేరకంగా వాడుకునేటప్పుడు

పరిశ్రమకు ఈ ఎంజైమ్‌ల మీద ఆసక్తి కుడి ఎడమల తేడా వల్ల వచ్చింది. అద్దంలో బింబాల వంటి రెండు ఎపాక్సైడ్ రూపాల మిశ్రమంలో ఒకదాన్ని ఎంజైమ్ త్వరగా తెరిస్తే, రెండవది శుద్ధంగా మిగులుతుంది. మందుల తయారీలో ఆ మిగిలిన రూపానికి చాలా విలువ ఉంటుంది. ఆస్పర్జిల్లస్ నైగర్ శిలీంధ్రం, రోడోటోరులా గ్లూటినిస్ ఈస్ట్, అగ్రోబాక్టీరియం రేడియోబాక్టర్ బాక్టీరియా, బంగాళదుంప మొక్క ఎంజైమ్‌లు ఇందుకు బాగా పరీక్షకు నిలిచినవి. సహకారకం అక్కరలేకపోవడం వల్ల ఎండబెట్టిన కణాలనే నేరుగా వాడవచ్చు.

రెండు రూపాలలో ఒకదాన్నే ఎంచుకునే సామర్థ్యాన్ని ‘E విలువ’ అనే సంఖ్యతో చెబుతారు. మార్పిడి భాగాన్నీ, మిగిలిన ఎపాక్సైడ్ శుద్ధతనూ తీసుకుని రెండు లాగరిథమ్‌ల నిష్పత్తిగా దీన్ని లెక్కిస్తారు. మార్పిడి 50 శాతం, మిగిలిన ఎపాక్సైడ్ ఎనాన్షియోమర్ ఆధిక్యం (ఒక అద్దపు రూపం రెండవదాన్ని మించిన శాతం) 90 శాతం అయితే E విలువ సుమారు 58 వస్తుంది. మార్పిడి నిజానికి 52 శాతమై ఉంటే అదే శుద్ధతకు అది 33కు పడిపోతుంది. ఆవిరై పోయే ఎపాక్సైడ్‌తో మార్పిడిని రెండు శాతం తప్పుగా కొలవడం ఎంత తేలికో ఆలోచిస్తే, ఒకే బిందువు దగ్గర లెక్కించిన E విలువను ఎందుకు నమ్మకూడదో బోధపడుతుంది. కనీసం నాలుగైదు కాల బిందువుల నుంచి వక్రరేఖను గీసి విలువ తీయాలి, మూతలు బిగుతుగా ఉండాలి, ఆవిరి కాని అంతర్గత ప్రమాణాన్ని కలపాలి.

సహజ ఎంజైమ్ ఎంపిక చాలకపోతే దాన్ని మెరుగుపరచవచ్చు. మాన్‌ఫ్రెడ్ రీట్జ్ బృందం ఆస్పర్జిల్లస్ నైగర్ ఎంజైమ్‌లో క్రియాస్థానం చుట్టూ ఉన్న అవశేషాలను దఫదఫాలుగా మార్చి, గ్లైసిడిల్ ఫినైల్ ఈథర్ మీద E విలువను 4.6 నుంచి 115కు పెంచినట్టు 2006లో ప్రకటించింది. యాదృచ్ఛిక ఉత్పరివర్తనాలతో వేల నమూనాలు వెతకడం కంటె, నిర్మాణం చూసి కొన్ని చోట్లనే ఎంచుకోవడం చిన్న ప్రయోగశాలలకు అందుబాటులో ఉండే దారి.

ఇలా వేరుచేసే పద్ధతిలో అత్యధిక దిగుబడి 50 శాతమే. దాన్ని దాటాలంటే ఎంజైమ్ ఒక రూపాన్ని ఒక కర్బనం దగ్గర, రెండవ రూపాన్ని పక్క కర్బనం దగ్గర తెరవాలి. అప్పుడు రెండు రూపాలూ ఒకే డయోల్‌గా చేరతాయి. స్టైరీన్ ఆక్సైడ్ మీద ఎదురెదురు స్వభావాలున్న రెండు శిలీంధ్రాలను కలిపి ఈ సంగమాన్ని 1993లోనే సాధించారు. అయితే దాడి జరిగే కర్బనం మారుతున్న ఏ సందర్భంలోనైనా, డయోల్ శుద్ధత నుంచి మార్పిడినీ E విలువనూ లెక్కించే మామూలు సూత్రం చెల్లదు. కాబట్టి ఆ సూత్రం వాడే ముందు ఒక్కొక్క శుద్ధ రూపాన్ని విడిగా ఎంజైమ్‌కు ఇచ్చి, ఏ డయోల్ ఎంత వస్తున్నదో, అద్దపు రూపాలను వేరుచేసే కైరల్ క్రోమటోగ్రఫీలో చూడాలి. ఆక్సిజన్-18 నీరు అందుబాటులో ఉంటే, ఎంజైమ్ పలు ఆవృత్తులు తిరిగిన తరువాత గుర్తు పడిన ఆక్సిజన్ ఏ కర్బనం మీద చేరిందో మాస్ స్పెక్ట్రోమెట్రీ నేరుగా చూపిస్తుంది.